పేరు చెప్పలేని కార్డు

2005 ఏప్రిల్ 5, మంగళవారం. విశాఖపట్నంలో భారత్, పాకిస్తాన్ వన్డే. హైదరాబాద్ అమీర్‌పేటలో ఓ మేడ మీది గదిలో నలుగురు కుర్రాళ్లు పదిహేడు అంగుళాల మానిటర్ ముందు మోకాళ్ల మీద గడ్డాలు ఆనించి కూర్చున్నారు. తెర మీద పొడుగు జుట్టు ఆటగాడొకడు తన ఐదో వన్డే ఆడుతూ బంతిని జనంలోకి కొడుతున్నాడు. స్టేడియం మొత్తం లేచి నిలబడింది. గదిలో మాత్రం చిన్న చప్పుడు లేదు. బొమ్మ వచ్చింది, రంగు వచ్చింది, మాట రాలేదు. చివరికి ఒకడు కిందికి పరుగెత్తి, ఇంటి ఓనరు ఆంటీని బతిమాలి ట్రాన్సిస్టర్ తెచ్చాడు. రేడియోలో కామెంటరీ పెట్టుకుని మానిటర్‌లో ధోనీ 148 చూశారు.

"మామా, నీకో దండంరా. విండోస్ వేసెయ్, అయిపోతుంది" అన్నారు మిగతా ముగ్గురూ ఆ రాత్రి.

అతను లినక్స్ తీసి అది వెయ్యలేదు. పట్టుదలతో కాదు. అప్పటికి పది రోజులుగా అతని కంప్యూటర్లోని టీవీ కార్డు ఒక్కో మెట్టూ దిగివస్తోంది. ఒక్కో మెట్టు దగ్గర అది చేసిన వింత పని వెనక ఓ లెక్క ఉందని అతనికి తెలిసిపోయింది. మాట రాకపోవడానికి కూడా అలాంటి లెక్కే ఉండాలి. అదేమిటో చూడకుండా వదిలితే ఆ పది రోజులూ సగంలో ఆగిపోయినట్టే.

ఆ కార్డు సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో, చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్నది. పెట్టె లేదు, సీడీ లేదు, తయారీదారు పేరు లేదు. మధ్యలో నల్లటి చదరపు చిప్పు, దాని మీద బీటీ 878 అన్న అక్షరాలు. ఒక చివర వేలెడు పొడుగున్న తగరపు డబ్బా. కేబుల్ వైరు దూరేది అందులోకే. ఈ 878, దీని అన్న 848, శాన్ డియేగోలోని బ్రూక్‌ట్రీ అనే కంపెనీ పిల్లలు. ఆ కంపెనీని 1996లో రాక్‌వెల్ కొన్నది. 1999లో రాక్‌వెల్ చిప్పుల విభాగం కోనెక్సాంట్‌గా విడిపోయింది. కంపెనీల పేర్లు మారినా చిప్పు నిలిచింది. ప్రపంచం మొత్తం మీద చవక టీవీ కార్డుల్లో చాలావాటికి గుండెకాయ ఇదే. కార్డు కట్టేవాళ్లు ఈ చిప్పు కొని, ఓ ట్యూనర్ డబ్బా కొని, రెండింటినీ తమకు తోచినట్టు తీగలతో కలిపి అమ్మేవారు.

తోచినట్టు అన్న మాట దగ్గరే కథ అంతా ఉంది.

పీసీఐ పట్టీలో దిగిన ఏ కార్డైనా కంప్యూటర్‌కి రెండు పేర్లు చెప్పాలి. మొదటిది చిప్పు పేరు. రెండోది, ఆ చిప్పుని వాడుకుని కార్డు కట్టినవాడి పేరు. మొదటిది చిప్పులోనే అచ్చయి ఉంటుంది కనుక దానికి ఢోకా లేదు. ఎల్‌ఎస్‌పీసీఐ అని కొడితే 109ఈ, 036ఈ అనే అంకెలు వచ్చాయి. మొదటిది బ్రూక్‌ట్రీ, రెండోది 878లోని వీడియో భాగం. రెండో పేరు ఉండవలసింది కార్డు మీద విడిగా అతికే చిన్న మెమరీలో. ఈఈప్రామ్ అంటారు దాన్ని. తీరా చూస్తే వేలిగోరంత ఉంటుంది, పట్టేది 256 బైట్లు. పేరున్న కంపెనీలు అందులో తమ సంఖ్యతో పాటు ఏ ట్యూనర్ పెట్టారో కూడా రాసేవి. అమెరికన్ కంపెనీ హాపాగ్ కార్డులో ఆ వివరమంతా చదవడానికి లినక్స్‌లో ప్రత్యేకంగా ఒక మాడ్యూలే ఉంది. చవక కార్డుల్లో ఆ మెమరీ ఖర్చుని మిగుల్చుకునేవారు. బోర్డు మీద దానికోసం ఎనిమిది రంధ్రాల చోటు ఉంటుంది, చిప్పు ఉండదు. అతని కార్డు మీదా అంతే. ఎనిమిది చుక్కల టంకం, ఖాళీ.

అందుకే బీటీటీవీ అనే డ్రైవర్ ఆ కార్డుని చూసి లాగ్‌లో ఒక వరుస రాసింది. మూడు నక్షత్రాల మధ్య, ఇది గుర్తు తెలియని రకం, కార్డు నంబరు సున్నా అని. పక్కనే, దీన్ని నేనే స్వయంగా గుర్తించాను అని ఇంకో మాట. మొదటిసారి చదివినప్పుడు అతనికి అదేదో తప్పు అనిపించింది. తర్వాత ఆ వరుస అంటే గౌరవం కలిగింది. తనకు తెలియదన్న సంగతిని గుర్తుపట్టి, తేదీ వేళలతో సహా రాసి పెట్టే యంత్రం అది.

మొదటి రోజు ఏ ఛానెల్ పెట్టినా తెరంతా చుక్కలు. కార్డు నంబరు సున్నా అయితే ట్యూనర్ ఏదో డ్రైవర్‌కి తెలియదు. ట్యూనర్ తెలియకపోతే దాన్ని ఏ భాషలో పిలవాలో తెలియదు. డబ్బా మీద కాగితం సగం చిరిగి ఉంది. మిగిలిన ముక్కలో ఫిలిప్స్ అన్న పేరు కనిపించింది. డ్రైవర్ ఇచ్చే ట్యూనర్ల జాబితాలో ఫిలిప్స్ అని ముందుగా కనబడిన వాటిలో రెండో నంబరు ఉంది. అదే రాశాడు. అతను వాడుతున్న టీవీటైమ్ అనే ప్రోగ్రాం అమెరికాలో కేబుల్ టీవీ చూసేవారి అమరికతో మొదలవుతుంది: ఎన్‌టీఎస్‌సీ పద్ధతి, ఒక్కో ఫ్రేముకి 525 గీతలు, ఛానెల్‌కీ ఛానెల్‌కీ మధ్య 6 మెగాహెర్ట్జ్. మన దగ్గర పాల్ పద్ధతి, 625 గీతలు, వీహెచ్‌ఎఫ్‌లో 7 మెగాహెర్ట్జ్. 1982లో దూరదర్శన్ రంగుల్లోకి మారింది ఈ పాల్ పద్ధతిలోనే. కేబుల్ వాళ్లూ అదే వాడారు. ఛానెళ్లు తిప్పుతూ పోతుంటే ఏడు దగ్గర ఒక బొమ్మ కనిపించింది. నలుపు తెలుపుల్లో, అడ్డంగా చీలి, కింద నుంచి పైకి దొర్లుకుంటూ పోతోంది. అందులో జెమినీ టీవీ గుర్తు ఒక మూల మెరిసి మాయమయ్యేది.

పద్ధతిని పాల్‌కి మార్చగానే బొమ్మ నిలబడింది. ఛానెళ్ల పట్టికని యూరప్‌కి మార్చాడు. అప్పుడు మొదలైంది అసలు వింత. కింద ఓనరు గారి టీవీలో ఐదో స్థానంలో ఈటీవీ, ఆరులో జెమినీ ఉన్నాయి. ఇతని మానిటర్‌లో ఐదు పెడితే జెమినీ వస్తోంది. ఆరు పెడితే, ఏడులో ఉండాల్సింది వస్తోంది. ప్రతి ఛానెలూ ఒక్క ఇల్లు జరిగింది. పైగా బొమ్మ కాస్త మసక.

కాసేపు ఇక్కడ ఆగాలి, ఎందుకంటే ఈ తప్పులో అందం ఉంది. ట్యూనర్ డబ్బా చేసే పని చాలా సాదా. వైరులో యాభై, అరవై ఛానెళ్లు ఒకేసారి పరుగెత్తుతుంటాయి. వాటిలో కావలసిన దాన్ని, అది ఎక్కడున్నా సరే, ఒకే స్థిరమైన చోటికి దించాలి. పాల్ డబ్బాల్లో ఆ చోటు 38.9 మెగాహెర్ట్జ్. ఎన్‌టీఎస్‌సీ డబ్బాల్లో 45.75. దించడానికి ఉపాయం ఏమిటంటే, కావలసిన ఛానెల్ ఫ్రీక్వెన్సీకి ఈ అంకెని కూడి, ఆ మొత్తం దగ్గర లోపలి ఆసిలేటర్‌ని మోగించడం. రెండింటికీ ఉన్న తేడా సరిగ్గా ఆ స్థిరమైన చోటే అవుతుంది. డ్రైవర్ ఈ లెక్కని మెగాహెర్ట్జ్‌లో కాక, మెగాహెర్ట్జ్‌లో పదహారో వంతుల్లో చేస్తుంది. ఐదో ఛానెల్ బొమ్మ 175.25 మెగాహెర్ట్జ్ మీద ఉంటుంది. పదహారుతో హెచ్చవేస్తే 2804. దానికి పాల్ ట్యూనరైతే 623 కూడాలి. ఎన్‌టీఎస్‌సీ ట్యూనరైతే 732.

అతను రాసిన రెండో నంబరు ఫిలిప్స్ ఎన్‌టీఎస్‌సీది. డబ్బా మాత్రం పాల్‌ది. డ్రైవర్ నమ్మకంగా 732 కూడుతోంది. ఎక్కువైంది 109 మెట్లు. ఒక్కో మెట్టు 62.5 కిలోహెర్ట్జ్. మొత్తం 6.81 మెగాహెర్ట్జ్. ఛానెల్‌కీ ఛానెల్‌కీ మధ్య దూరం 7. అంటే ఐదు అడిగితే ఆరు రావాలి, కొంచెం తక్కువగా. ఆ కొంచెమే మసక. అతను నోట్‌బుక్కులో ఈ కూడికలు వేసి, కింద 0.19 అని తేడా రాసి, దాని చుట్టూ గీత గీశాడు. యంత్రం తప్పు చేయలేదు. చెప్పిన అబద్ధాన్ని దశాంశాలతో సహా పాటించింది.

జాబితాలో ఐదో నంబరు ఫిలిప్స్ పాల్ బీజీ, ఎఫ్‌ఐ 1216, దానితో పొసిగేవి. చిరిగిన కాగితం మీద మిగిలిన అంకెలు దానికి సరిపోయాయి. డ్రైవర్‌ని దింపి, ఐదు రాసి, మళ్లీ ఎక్కించాడు. ఏమీ మారలేదు. ఈటీవీ చోట మళ్లీ జెమినీయే. ఇలాంటి చోటే చాలామంది సరైన జవాబుని వదిలేసి తప్పు జవాబుల వెంట పడతారు. అతనూ రెండు రోజులు వేరే నంబర్లు ప్రయత్నించాడు. మూడో రోజు డ్రైవర్ల లాగ్ చూపే డీమెసేజ్‌లో అంతవరకు పట్టించుకోని ఓ వరుస కంటపడింది. ట్యూనర్ రకం ఇప్పటికే రెండుగా పెట్టి ఉంది, ఐదు పెట్టమన్న అభ్యర్థనని పక్కన పెడుతున్నాను అని దాని సారాంశం. బీటీటీవీని దింపాడు సరే, ట్యూనర్ అనే మాడ్యూల్ విడిగా ఉంటుంది, దాన్ని దింపలేదు. అది మొదటి రోజు విన్న మాటనే పట్టుకుని కూర్చుంది. రెండింటినీ దింపి, రెండింటినీ ఎక్కిస్తే ఐదులో ఈటీవీ వచ్చింది. మసక కూడా పోయింది.

రంగు ఇంకా రాలేదు. దానికి కారణం ఒక స్ఫటికం. అమెరికా రంగుల తరంగం 3.58 మెగాహెర్ట్జ్, మనది 4.43. చిప్పు ఈ తరంగాన్ని చదవాలంటే దానికి ఎనిమిది రెట్ల వేగంతో కొట్టుకునే గడియారం కావాలి. ఎన్‌టీఎస్‌సీకి 28.636, పాల్‌కి 35.469. తొలి తరం 848 కార్డుల మీద రెంటికీ రెండు స్ఫటికాలు పెట్టేవారు. 878 కార్డులకి 28 స్ఫటికం ఒక్కటి చాలు, రెండో వేగాన్ని చిప్పు తనలోనే పుట్టించుకోగలదు. కానీ అలా పుట్టించుకోమని ఎవరో ఒకరు చెప్పాలి. కార్డు పేరు తెలిస్తే డ్రైవరే చెబుతుంది. సున్నా నంబరు కార్డుకి చెప్పదు. ఆ మాట చెప్పే పీఎల్ఎల్ అమరికలో ఒకటి అని రాయగానే, యాంకరు వెనక గోడ నీలంగా మారింది. గదిలో ఉన్నవాళ్లు అప్పుడు చప్పట్లు కొట్టారు.

అది మ్యాచ్‌కి ముందు రోజు.

రంగుల బొమ్మ మానిటర్ మీద పడడం వెనక ఇంకో పని నడుస్తుంది, కంటికి కనబడదు. పాల్ బొమ్మ ఒక్కోటి అడ్డంగా 768, నిలువునా 576 చుక్కలు. చుక్కకి రెండు బైట్లు, సెకనుకి ఇరవై ఐదు బొమ్మలు. వెరసి సెకనుకి 22 మెగాబైట్లు. అప్పటి పీసీఐ దారి మొత్తం వెడల్పు కాగితం మీద 133. ఇంత సరుకుని ప్రాసెసర్ మోయదు. డ్రైవర్ మెమరీలో ఒక చిన్న ప్రోగ్రాం రాసి పెడుతుంది. ఇన్ని చుక్కలు ఈ చోట పెట్టు, తర్వాతి గీత ఆ చోట మొదలుపెట్టు అని. 878 చిప్పు ఆ ప్రోగ్రాంని తనంతట తాను చదువుకుంటూ బొమ్మని నేరుగా తీసుకెళ్లి పోస్తుంది. మధ్యలో ఎవరినీ అడగదు. కొన్ని మదర్‌బోర్డుల్లో ఈ పోతకి చిప్‌సెట్ తట్టుకోలేక మెషిన్ మొత్తం బిగుసుకుపోయేది. బీటీటీవీ పత్రాల్లో దాని కోసమే ఓ ఫైలు ఉంది. అతని బోర్డుకి ఆ బాధ రాలేదు.

ఇక శబ్దం.

మ్యాచ్ అయిన మర్నాడు అతను మొదట చేసిన పని వేలు పెట్టడం. టీవీ కార్డు నుంచి సౌండ్ కార్డు లైన్ ఇన్‌కి వెళ్లే చిన్న తీగని కార్డు వైపు ఊడదీసి, పిన్ను కొసని వేలితో తాకాడు. స్పీకర్లో గుర్రుమని మోగాలి. మోగలేదు. కారణం అప్పటి లినక్స్‌లో శబ్దాలు చూసే ఆల్సా. ఏ దారీ తెరవకుండా, అన్నిటినీ మ్యూట్‌లో పెట్టి మొదలవడం దాని పద్ధతి. లైన్ ఇన్ మీది మూత తీసి మళ్లీ తాకాడు. గుర్రు. అంటే పిన్ను కొస నుంచి స్పీకర్ దాకా దారి బాగుంది. సమస్య పిన్నుకి ఇవతల, కార్డు మీద ఉంది. అర నిమిషం పనితో వెతకాల్సిన చోటు సగానికి సగం తగ్గింది. మ్యాచ్‌కి ముందే వేలు పెట్టి ఉంటే అని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు కానీ, పెట్టినా ఆ రోజు ఫలితం ఉండేది కాదు. తీగని తిరిగి కార్డుకి గుచ్చితే నిశ్శబ్దమే.

బొమ్మ విషయంలో ఈ కుటుంబం కార్డులన్నీ ఒకటే, ఎందుకంటే దాన్ని చూసుకునేది చిప్పు. శబ్దాన్ని చిప్పు చూసుకోదు. ట్యూనర్ నుంచి వచ్చే శబ్దం, ఎఫ్ఎం ఉంటే దాని శబ్దం, బయటి నుంచి గుచ్చే వీసీఆర్ శబ్దం, ఈ మూడింట్లో ఏది బయటికి పోవాలో నిర్ణయించే స్విచ్చు ఒకటి ఉంటుంది. దాన్ని 878 తన ఖాళీ కాళ్లతో తిప్పుతుంది. అలాంటి కాళ్లు ఇరవై నాలుగు ఉన్నాయి. ఏ కాలుని స్విచ్చుకి కలపాలన్నది కార్డు గీసినవాడి ఇష్టం. ఒకడు మొదటి రెండు వాడతాడు, ఇంకొకడు చివరి నాలుగు. ఒకడి దగ్గర సున్నా అంటే ట్యూనర్, ఇంకొకడి దగ్గర సున్నా అంటే నోరు మూయడం. బొమ్మకి ట్యూనరూ గడియారమూ చెబితే సరిపోయింది. మాట కోసం ఆ కార్డు గీసిన మనిషి ఆ రోజు ఏమనుకున్నాడో తెలియాలి.

అతను కంప్యూటర్ ఆపి కార్డు ఊడదీశాడు. ఓనరు అంకుల్ పేపరు చదివే భూతద్దం, ఒక టార్చి. శబ్దం బయటికొచ్చే రంధ్రం వెనక పదహారు కాళ్ల చిప్పు ఒకటి, 4052 అని రాసి ఉంది. రేడియో మెకానిక్కులకి తెలిసిన పాత చిప్పు అది. నాలుగు దారుల్లో ఒకదాన్ని ఎంచి, కుడి ఎడమ రెంటికీ కలిపి తిప్పుతుంది. ఎంపిక చెప్పేవి దాని తొమ్మిదో కాలు, పదో కాలు. ఆ రెండు కాళ్ల నుంచి సన్నటి రాగి గీతలు బోర్డు మీద పాకుతున్నాయి. ఒకటి రంధ్రంలోంచి అవతలి వైపుకి దూకి, మళ్లీ ఇవతలికి వచ్చింది. పెన్సిల్‌తో కాగితం మీద ఆ గీతల దారి గీసుకుంటూ పోతే రెండూ 878 దగ్గరికి, పక్కపక్కనే ఉన్న రెండు కాళ్ల దగ్గరికి చేరాయి.

రెండు కాళ్లంటే నాలుగే నాలుగు అవకాశాలు. డ్రైవర్‌కి, ఈ రెండు కాళ్లు మాత్రం ముట్టుకో అని ఒక ముసుగు, ట్యూనర్‌కి ఈ విలువ పెట్టు అని ఒక అంకె చెప్పే వీలుంది. సున్నా పెట్టాడు, నిశ్శబ్దం. ఒకటి పెట్టాడు, సన్నగా హిస్స్. రెండు పెట్టాడు. ఏదో బట్టల సబ్బు ప్రకటన పాట మధ్యలోంచి గదినిండా మోగింది. వాల్యూమ్ నూటికి నూరు పెట్టి ఉందని అప్పటిదాకా గుర్తులేదు. పక్క గదివాళ్లు తలుపు కొట్టారు.

పని అయిపోయింది కానీ అతను అక్కడ ఆపలేదు. బీటీటీవీలో కార్డుల వివరాలన్నీ ఉండే ఫైలు తెరిచి, తన ముసుగూ తన అంకెలూ ఉన్న కార్డు వేరే ఎవరిదైనా ఉందేమోనని వెతికాడు. ఉంది. ముప్పైల్లో ఒక నంబరు. ట్యూనర్, గడియారం, శబ్దం నాలుగు విలువలు, అన్నీ తన కాగితం మీద ఉన్నట్టే. నంబరు సున్నా చెరిపి అది రాశాడు. ఇప్పుడు ప్రోగ్రాం మూసేస్తే శబ్దం కూడా ఆగుతోంది. అదీ పరీక్షే. తప్పు నంబరు పెట్టిన కార్డు చాలాసార్లు బొమ్మ మూసినా మాట్లాడుతూనే ఉంటుంది. పది రోజుల కష్టం చివరికి ఆకృతీకరణ ఫైల్లో ఒక వరుసలో ఇమిడింది. బీటీటీవీ, కార్డు ఇంత, ట్యూనర్ ఐదు.

ఆ ఒక్క వరుస దగ్గర అతనికి చాలాసేపు ఆలోచన తెగలేదు. తన కార్డు వంటిదే ఇంకొకటి కొని, తనలాగే పేరు దొరకక, తనలాగే రాగి గీతల వెంట పోయిన మనిషి ఒకడు ముందే ఉన్నాడు. ఆ మనిషి అక్కడితో ఆగి టీవీ చూసుకుని ఉండొచ్చు. ఆగకుండా తన అంకెలు రాసి పంపాడు. ఆ జాబితా చూస్తే సున్నా నుంచి మొదలై, తర్వాతి సంవత్సరాల్లో నూట అరవై దాటింది. ఫిలిప్స్ చిప్పు 7134 మీద కట్టిన కార్డుల జాబితా నూట తొంభై దాకా పోయింది. ట్యూనర్లవి వేరుగా తొంభై. పేర్లూ అంకెలూ తప్ప వాటిలో ఇంకేం ఉండదు. ఒక వరుస వెనక ఒక భూతద్దం, ఒక రాత్రి ఉన్నాయని అందులో ఎక్కడా రాయరు.

బీటీటీవీని మొదట రాసినవాళ్లు జర్మనీకి చెందిన రాల్ఫ్ మెట్జ్‌లర్, మార్కస్ మెట్జ్‌లర్. తర్వాత ఏళ్లపాటు దాన్ని పోషించింది గెర్డ్ క్నోర్. లినక్స్‌లో టీవీ చూడడానికి తొలినాళ్ల నుంచీ వాడిన ఎక్స్‌ఏడబ్ల్యూటీవీ ప్రోగ్రామూ ఆయనదే. 2005 ప్రాంతంలో మొత్తం వీడియో విభాగం బాధ్యత బ్రెజిల్ వాసి మౌరో కార్వాల్యో షెహాబ్ చేతికి వచ్చింది. బ్రెజిల్ టీవీది అప్పట్లో ప్రపంచంలో ఎక్కడా లేని కలయిక, గీతలు అమెరికావి, రంగు పాల్‌ది. ప్రపంచానికి ఒకే టీవీ పద్ధతి ఉంటే ఈ జాబితాలు ఇంత పొడుగు అయ్యేవి కావు. శబ్దాన్ని బొమ్మకి ఎంత దూరంలో పెట్టాలన్న దాని మీదే దేశాలు విడిపోయాయి. అమెరికా 4.5 మెగాహెర్ట్జ్, మనమూ జర్మనీ 5.5, బ్రిటన్ 6, చైనా 6.5. బెర్లిన్‌లో పనిచేసిన అమరిక అమీర్‌పేటలో పనిచేయడం యాదృచ్ఛికం కాదు, ఇద్దరిదీ ఒకే 5.5. కార్డు సికింద్రాబాద్‌లో అమ్మినవాళ్లకి గానీ కట్టినవాళ్లకి గానీ ఈ సంగతితో పని పడలేదు. పని పడినవాడు రాసుకున్నాడు.

పేరు తెలియకపోవడం కంటే తప్పు పేరు తెలియడం పెద్ద చిక్కు. ఈ సంగతి తర్వాత వచ్చిన యూఎస్‌బీ కార్డులతో బాగా తెలిసింది. ఈఎం28ఎక్స్ఎక్స్ చిప్పుతో వచ్చిన చవక పరికరాల్లో చాలావాటికి ఒకటే సంఖ్య. పది రకాల పరికరాలు ఒకే పేరు చెప్పుకుంటూ వచ్చేవి. ఆ డ్రైవర్ రాసినవాళ్లు అప్పుడు చేసిన పని మెచ్చదగ్గది. లోపలి ఐస్క్వేర్‌సీ తీగ మీద ఎవరెవరు పలుకుతున్నారో విని, ఆ పలికినవాళ్ల చిరునామాల నుంచి ఒక గుర్తు అంకె కట్టి, దాన్నిబట్టి ఇది ఫలానా కార్డు అయ్యుండవచ్చని ఊహించేవారు. ఊహించామని లాగ్‌లో చెప్పేవారు కూడా. ఈ పద్ధతి నూరు శాతం నమ్మదగ్గది కాదు, తప్పు అయితే మాకు తెలియజేయండి అన్న అర్థంలో. ఇంటికి వచ్చినవాడి ముఖం తెలియకపోయినా, మాట తీరుని బట్టి ఏ ఊరివాడో పోల్చుకుని, ఎందుకైనా మంచిదని ఓసారి అడిగే పెద్దమనిషి తీరు అది.

దీనికి పూర్తిగా ఎదురు కథ 2012లో నడిచింది. ఆర్టీఎల్ 2832 చిప్పుతో వచ్చే డిజిటల్ టీవీ డాంగిల్‌ని టీవీగా కాక, గాలిలోని రకరకాల రేడియో తరంగాల్ని వినే చెవిగా వాడవచ్చని బయటపడింది. విమానాలు పంపే సంకేతాలు, వాతావరణ ఉపగ్రహాల బొమ్మలు, అన్నీ ఆ చిన్న డాంగిల్‌లోకి వచ్చాయి. అక్కడ అడ్డు వచ్చింది గుర్తుపట్టడమే. గుచ్చగానే లినక్స్ దాన్ని చక్కగా టీవీ అని గుర్తుపట్టి, టీవీ డ్రైవర్ ఎక్కించి పట్టుకునేది. రేడియో వినాలనుకున్నవాళ్లు, దీన్ని గుర్తుపట్టవద్దు అని ఫైల్లో ఓ వరుస రాయాల్సి వచ్చింది.

అతని కార్డు టీవీగా ఏడేళ్లు పనిచేసింది. గది మారింది, ఉద్యోగం వచ్చింది, పెళ్లైంది, నిజం టీవీ ఇంటికి వచ్చింది. 2011 మార్చిలో లినక్స్ 2.6.38తో పాత వీడియో పద్ధతిని తీసేసినప్పుడు కొన్ని ప్రోగ్రాంలు నడవడం మానేశాయి. అప్పటికి అతను టీవీటైమ్‌ని రోజూ తెరవడం లేదు. కేబుల్ డిజిటల్ చేసే రెండో విడతలో హైదరాబాద్, విశాఖపట్నం సహా 38 నగరాలు ఉన్నాయి, గడువు 2013 మార్చి 31. ఆ తర్వాత కొన్నాళ్లకి గోడలోంచి వచ్చే నల్ల తీగలో 175.25 మెగాహెర్ట్జ్ మీద బొమ్మ లేదు. ట్యూనర్ డబ్బాకి దించడానికి ఏమీ మిగల్లేదు. డ్రైవర్ మాత్రం ఉంది. 2023లో కూడా అందులోని బఫర్ల భాగాన్ని కొత్త పద్ధతిలోకి తిరగరాశారు. వాడేవాళ్లు ఎక్కడో ఉన్నారు.

అతను కూడా వారిలో ఒకడయ్యాడు. అక్క పెళ్లి క్యాసెట్ అటక మీది ట్రంకుపెట్టెలో దొరికింది. వీహెచ్‌ఎస్, 1996. వీసీఆర్ ఒకటి చుట్టాల ఇంట్లో బతికి ఉంది. పాత కంప్యూటర్‌లో పాత కార్డు గుచ్చి, ఆ ఒక్క వరుస మళ్లీ రాశాడు. ఈసారి ట్యూనర్‌తో పని లేదు, బొమ్మ పసుపు పిన్ను నుంచి నేరుగా వస్తుంది. గడియారం చాలు. శబ్దం వీసీఆర్ నుంచి తిన్నగా సౌండ్ కార్డుకి, మధ్యలో 4052 లేకుండా. ఇంజన్ ఆయిల్ లాంటి వాసనతో టేపు తిరగడం మొదలైంది. రంగు వచ్చింది, సన్నాయి వచ్చింది.

బొమ్మ అడుగున ఒక చీలిక ఉంది. చివరి పది పన్నెండు గీతలు పక్కకి జారి, చెదిరి, వణుకుతున్నాయి. పెళ్లికూతురి పట్టుచీర అంచు అక్కడిదాకా వచ్చి విరిగిపోతోంది. అతను వెంటనే డీమెసేజ్ తెరిచాడు. అంతా శుభ్రం. పీఎల్ఎల్ చూశాడు, బాగుంది. మళ్లీ టేపుని చూశాడు. ప్రతి బొమ్మలోనూ అదే చోట, అదే వెడల్పు. అప్పుడు తెలిసింది, అది డ్రైవర్‌ది కాదు, కార్డుది కాదు. వీసీఆర్‌లో తిరిగే డ్రమ్ము మీద రెండు తలలుంటాయి, ఒకటి చదవడం ఆపి రెండోది అందుకునే క్షణం ప్రతి బొమ్మ అడుగునా ఇలా మచ్చ పడుతుంది. ఆ క్యాసెట్‌లో మొదటి నుంచీ ఉంది. అక్క అత్తవారింట్లో, పుట్టింట్లో, వీధిలో అందరూ చూసిన ప్రతిసారీ ఉంది. టీవీ పెట్టెలు తమ చట్రం కింద ఆ గీతల్ని దాచేసేవి. కార్డు మాత్రం తనకి అందిన 576 గీతల్నీ ఇచ్చింది.

కింది గీతలు కత్తిరించే ఆప్షన్ ఉంది. అతను దాన్ని ముట్టుకోలేదు. మూడు గంటల టేపుని చీలికతో సహా అలాగే డిస్క్‌లోకి ఎక్కించి, ఫైలు పక్కనే ఇంకో చిన్న ఫైల్లో కార్డు నంబరు, పీఎల్ఎల్, వీసీఆర్ మోడల్, ఎక్కించిన తేదీ రాసి పెట్టాడు.